దెయ్యం చేత సాక్ష్యం చెప్పించకు

చిరంజీవికి,

మనవరాలి వయసు దానివి కనుక నువ్వు అంటున్నాను. నీ హత్యా రహస్య నవల రాతప్రతి రెండు రాత్రుల్లో చదివాను. గడియారాలు బాగుచేసే ముసలాయన పోయాక ఇరుగుపొరుగు వంతులు వేసుకుని ఆయన గుమ్మంలో దీపం పెడతారే, ఆ పేజీ దగ్గర కాసేపు ఆగిపోయాను. ఆ తర్వాత 212వ పేజీలో నీ మంత్రగత్తె ఆ ముసలాయన ఆత్మను పిలిచి, ఎవరు చంపారని అడిగింది. ఆయన చెప్పేశాడు! కాగితాలు బల్ల మీద పడేసి లేచిపోయాను.

అడిగితే సరిపోయేదానికి మొదటి అధ్యాయంలోనే ఎందుకు అడగలేదమ్మా? ఆగిన గడియారం, చిరిగిన రసీదు, గడప మీద మట్టి, ఇవన్నీ నేను రెండు వందల పేజీలు ఎందుకు మోసినట్టు?

హాయిగా సాగే కథకు ఇన్ని నియమాలెందుకని రాశావు. ఆ హాయి మాట్లాడే పిల్లి వల్ల వస్తుందనుకున్నావా? (ఈమధ్య నాకు వచ్చే ప్రతి రాతప్రతిలోనూ పిల్లి మాట్లాడుతోంది. ఒక్కటైనా నోరు మూసుకుని పడుకోదు.) ఇలా హాయిగా సాగే హత్యా నవలల్లో నెత్తురు తెర వెనకే ఉంటుంది, నిజమే. కానీ అందరికీ అందరూ తెలిసిన చిన్న ఊళ్లో ఒకరు హత్యకు గురైతే, నిన్నటిదాకా పలకరించుకున్నవాళ్లే తలుపులు గడియ పెట్టుకుంటారు. ఆ గడియలు ఒక్కొక్కటీ తీయడం చూడాలనే చదువుతాం. నువ్వు మంత్రమేసి అన్నీ ఒక్కసారే ఊడగొట్టావు.

1929లో రోనాల్డ్ నాక్స్ అనే కాథలిక్ మతగురువు, తానూ డిటెక్టివ్ నవలలు రాసినవాడే, పది నియమాలు పెట్టాడు. అతీంద్రియ శక్తులు పనికిరావన్నది రెండోది. రాండల్ గారెట్ అనే అమెరికన్ రచయిత 1966లో ఒక నవలలో దాన్ని దర్జాగా మీరాడు. మాంత్రికుల మహాసభలో, తాళం వేసిన గదిలో హత్య! కానీ అతని లోకంలో మంత్రవిద్యకు సూత్రాలున్నాయి, దర్యాప్తు చేసే ప్రభువుకు ఒక్క మంత్రమూ రాదు. నీ మంత్రగత్తెకు ఏది చేతకాదో హత్యకు ముందే నాకు చెప్పు. ఆత్మ మాట్లాడాలా? మాట్లాడనీ. ఆత్మలు అబద్ధమాడగలవని మూడో అధ్యాయంలో ఎవరిచేతనో యథాలాపంగా అనిపించు. అప్పుడు చంపినవాణ్ణి కాపాడటానికి ముసలాయనే అబద్ధమాడితే?

నా మొదటి సీరియల్ వస్తున్నప్పుడు తొమ్మిదో వారం సంపాదకుడు సగం పేజీ కోసేశాడు, సబ్బు ప్రకటనకు చోటు చాలలేదట. హంతకుడిది ఎడమచేతి వాటమని చెప్పే ఒకే ఒక్క వాక్యం ఆ సగంలోనే ఉంది. సీరియల్ ముగిశాక ఒక పాఠకురాలు పాత సంచికలన్నీ తిరగేసి, ఏ వారం ఏ ఆధారం ఇచ్చానో పట్టిక గీసి పంపింది. కింద 'ఎడమచేయి: ఎక్కడా లేదు' అని ఎర్ర సిరాతో రాసింది. సంపాదకుడికి చూపిస్తే, ఇంకో శవం పడేసి ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కాదన్నాడు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ పట్టిక ఇంకా నా సొరుగులోనే ఉంది.

ప్రచురణకర్తల చిరునామాలు అడిగావు. ముందు నవల మొదటినుంచీ తిరగరాయి. దీపం పేజీ జోలికి మాత్రం పోకు. అన్నట్టు, వారంలో ఆరు రోజుల వంతులే రాశావు. మంగళవారం ఆ దీపం ఎవరు పెడుతున్నారు?