సిలబస్ అయ్యాకే రాస్తాననే అబ్బాయికి మరో కోర్సు ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయికి 26 ఏళ్లు. 2021లో బీటెక్ మెకానికల్ పూర్తయింది. 2022లో గ్రూప్-1 నోటిఫికేషన్ పడగానే హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని ప్రిపేర్ అవుతున్నాడు. రెండుసార్లు ప్రిలిమ్స్ రాస్తే రెండూ రద్దయ్యాయి. 2024లో సిలబస్ పూర్తి కాలేదని రాయలేదు. వాడు తెలివైనవాడే. పదో తరగతి దాకా తెలుగు మీడియం కావడం, రూమ్‌లో గోల, అదృష్టం లేకపోవడం దెబ్బతీశాయి. ఇప్పుడు అమీర్‌పేటలో లక్షన్నర కట్టి డేటా సైన్స్ నేర్చుకుంటానంటున్నాడు. గ్రూప్స్‌లోనే ఉంచాలా, కోర్సులో చేర్పించాలా?
– ఉమ్మడి కరీంనగర్ జిల్లా నుంచి ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం ఒకటుంది. ‘2024లో సిలబస్ పూర్తి కాలేదని రాయలేదు.’ మీరు దాన్ని మామూలుగా రాసి ముందుకెళ్లిపోయారు. అసలు విషయం అక్కడే ఉంది.

అంతకుముందు జరిగింది అన్యాయమే. 2022 అక్టోబరులో రాసిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీ వల్ల 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెడితే దాన్ని హైకోర్టు సెప్టెంబరులో రద్దు చేసింది. ఆ రెండేళ్లు ఆ గదుల్లో కూర్చున్న పిల్లలు ఎంత నలిగిపోయారో నేను దగ్గర నుంచి చూశాను. ఆ విషయంలో మీ అబ్బాయిని ఒక్క మాట కూడా అనను. కానీ 2024 జూన్ 9న పరీక్ష జరిగింది. 563 పోస్టులు, హాల్ టికెట్ చేతిలో ఉంది. ఆ రోజు మాత్రం పరీక్షను రద్దు చేసుకున్నది తనే.

ఎందుకు? బద్ధకం అనుకోకండి. రాయని పరీక్షలో ఎవరూ ఫెయిల్ కారు. రాసి పోతే ‘నా వల్ల కాదేమో’ అన్న మాట ఎదుట నిలబడుతుంది. రాయకపోతే ‘రాసుంటే వచ్చేది’ అని ఇంకో ఏడాది బతకొచ్చు. మొదటి రెండుసార్లు దెబ్బ తగిలింది కాబట్టి మూడోసారి భయపడ్డాడు. ఆ భయానికి సిలబస్ అని పేరు పెట్టాడు. నా దగ్గరకు వచ్చే పిల్లల్లో చాలామందిది ఇదే కథ.

నిజమైన ఇబ్బందికి దారి చూపిస్తే అది తీరిపోతుంది. సాకుకు దారి చూపిస్తే దాని స్థానంలో ఇంకోటి వస్తుంది. రూమ్‌లో గోలగా ఉంటే చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ నడిచి వెళ్లేంత దూరం. వందల మంది అక్కడే చదువుతున్నారు. వయసు సంగతా? 2024లో గరిష్ఠ వయోపరిమితి 46 ఏళ్లకు పెంచారు. నోటిఫికేషన్లు లేక ఏళ్లు పోగొట్టుకున్నవాళ్లకు అది న్యాయం. 26 ఏళ్ల అబ్బాయికి మాత్రం అది ‘ఇంకా టైముంది’ అనుకునే వీలైంది. మధ్యలో 8 వేలకు పైగా పోస్టులతో గ్రూప్-4 వచ్చి వెళ్లింది. అది రాశాడో లేదో మీరు చెప్పలేదు. రాయకపోయుంటే, ‘అది నా స్థాయి కాదు’ అని ఉంటాడు.

ఇక తెలుగు మీడియం. అమ్మా, ఇంజనీరింగ్ నాలుగేళ్లూ ఇంగ్లిష్‌లో రాసి పాసైన అబ్బాయికి ఇది ఇప్పుడెలా అడ్డమైంది? పైగా గ్రూప్-1 మెయిన్స్ తెలుగులోనే రాయొచ్చు. శ్రీకాకుళం జిల్లా నుంచి రోణంకి గోపాలకృష్ణ ప్రభుత్వ టీచరుగా పనిచేస్తూ, తెలుగు సాహిత్యం ఆప్షనల్‌గా తీసుకుని, 2016 సివిల్స్‌లో మూడో ర్యాంకు తెచ్చుకున్నారు. ఈ పేరు చెప్పి మీ అబ్బాయిని దెప్పమని కాదు. తెలుగు మీడియం మాట మీరు మానుకోవాలని చెబుతున్నా.

ఎందుకంటే ఈ సాకులు ఉత్తరంలో రాసింది మీ అబ్బాయి కాదు, మీరు. కోపం తెచ్చుకోకండి, కానీ చెప్పక తప్పదు. సాకు నిలబడాలంటే దాన్ని నమ్మేవాళ్లు ఒకరు కావాలి. చుట్టాలు అడిగితే ‘నోటిఫికేషన్ రాలేదు’ అని వాడికంటే ముందు మీరే చెబుతున్నారు. నెలనెలా డబ్బులు పంపుతున్నారు, ఫోన్‌లో ‘తిన్నావా బిడ్డా’ అని అడుగుతున్నారు. ఈ వారం ఏం చదివావు, టెస్టులో ఎన్ని మార్కులొచ్చాయి అని ఎప్పుడైనా అడిగారా? అడిగితే బాధపడతాడని మానేశారు కదా. మీది ప్రేమే. కానీ ఆ ప్రేమ చాటున వాడు దాక్కుంటున్నాడు.

డేటా సైన్స్ విషయంలో నాకు గట్టి అనుమానాలున్నాయి. ఆ రంగం చెడ్డదని కాదు. నాలుగైదు నెలల్లో పైథాన్, ఎస్‌క్యూఎల్ అనే కంప్యూటర్ భాషలు, స్టాటిస్టిక్స్, మెషిన్ లెర్నింగ్ అన్నీ నేర్పిస్తామంటారు. ఒక్క స్టాటిస్టిక్స్ ఒంటబట్టడానికే ఆ సమయం చాలదు. కంపెనీలో సర్టిఫికెట్ చూసి ఉద్యోగం ఇవ్వరు, డేటా ముందు పెట్టి ‘ఇందులో ఏముందో చెప్పు’ అంటారు. బోర్డు మీద ‘100 శాతం ప్లేస్‌మెంట్’ అని ఉంటుంది. అదే మాట కాగితం మీద రాసివ్వమంటే ‘ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్’, అంటే ఉద్యోగం వెతకడంలో సాయం మాత్రమే అవుతుంది. రెంటికీ చాలా తేడా ఉంది, డబ్బు కట్టే ముందు అడగండి. ఇంకో సంగతి. చదువైపోయి ఇన్నేళ్లు ఖాళీగా ఉన్న పిల్లలకు దొంగ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామని చెప్పేవాళ్లు తగులుతారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే ఉన్న ఉద్యోగమూ పోతుంది. ఆ మాట ఎత్తినవాళ్ల గడప మళ్లీ తొక్కనివ్వకండి.

వీటన్నిటికంటే నా అసలు భయం వేరు. ఆ కోర్సు కూడా వాడికి ఇంకో అశోక్‌నగర్ అవుతుందేమో. క్లాసులకు వెళ్తాడు, నోట్సు రాస్తాడు, ఇంటర్వ్యూ రోజు వచ్చేసరికి ‘ఇంకా ప్రాజెక్టు పూర్తి కాలేదు’ అంటాడు. సిలబస్ బదులు ప్రాజెక్టు, అంతే.

ఏది మంచిదని అడిగారు. ఈ పరిస్థితిలో రెండూ ఒకటే, ఎందుకంటే రెండిటిలోనూ చివర ఒక పరీక్ష ఉంది. అందుకని లక్షన్నర కట్టే ముందు ఒక నెల ఆగండి. నాలుగు ఆదివారాలు గడియారం పెట్టుకుని రెండున్నర గంటలు కూర్చుని, పాత ప్రిలిమ్స్ పేపర్ ఒకటి రాయమనండి. సిలబస్ సగమే అయినా సరే, రాయాలి. సాయంత్రాలు ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో పైథాన్ పాఠాలు ఉచితంగా వినొచ్చు. వాటి అసైన్‌మెంట్లు చేయమనండి. నెల తిరిగేసరికి వాడి మనసు ఎటుందో వాడికే తెలుస్తుంది. నాలుగు పేపర్లూ రాసి, మార్కులు కొంచెమైనా పెరిగితే గ్రూప్స్‌కు మరో ఏడాది ఇవ్వండి. కానీ గ్రూప్-1తో పాటు గ్రూప్-2, గ్రూప్-3, రైల్వే, ఏ నోటిఫికేషన్ వచ్చినా రాయాలన్న షరతు పెట్టండి. పేపర్లు వదిలేసి పైథాన్ మీద ఇష్టంగా కూర్చుంటే అప్పుడు కోర్సు గురించి ఆలోచిద్దాం. రెండూ చేయకపోతే లక్షన్నర మిగిలినట్టే. అప్పుడు వాడిని నా దగ్గరకు తీసుకురండి, మాట్లాడదాం.

26 ఏళ్లకు ఏదీ మించిపోలేదమ్మా. ముప్ఫై దాటాక మొదటి ఉద్యోగంలో చేరి స్థిరపడ్డవాళ్లు నాకు చాలామంది తెలుసు. మీ అబ్బాయి చెడిపోలేదు, భయపడ్డాడు.

ఈ ఆదివారం రాత్రి ఫోన్ చేసినప్పుడు ‘తిన్నావా’ అన్నాక ‘ఎన్ని వచ్చాయి’ అని అడగండి. తక్కువ చెప్తే ఏమీ అనకండి, ఓదార్చకండి కూడా. వచ్చే ఆదివారం మళ్లీ అడగండి.