యంత్రమూ మెదడూ విడిపోయే చోట

తల్లీ,

యంత్రానికి చూపు నేర్పే కంప్యూటర్ విజన్‌లోనే ఉండిపోవాలా, మెదడు పనితీరుని లెక్కలతో, మోడళ్లతో అర్థం చేసుకునే కంప్యుటేషనల్ న్యూరోసైన్స్ వైపు జరగాలా, రెండిటి మధ్య నిలబడితే ఎటూ కాకుండా పోతానా అని అడిగావు. మధ్యలోనే నిలబడు. అక్కడ చెయ్యాల్సిన పని బోలెడుంది. కాకపోతే అక్కడ నిలదొక్కుకోవాలంటే ఎలాంటి ప్రశ్న పట్టుకోవాలో ముందే తేల్చుకోవాలి.

ఈ రెండు రంగాల మధ్య రాకపోకలు కొత్తవేం కావు. పిల్లి మెదడులో చూపు సంగతి చూసుకునే విజువల్ కార్టెక్స్‌లో ఒక్కో న్యూరాన్ (నాడీకణం) ఒక్కో కోణంలో వాలిన గీతకి స్పందిస్తుందని 1959లో హ్యూబెల్, వీసెల్ చెప్పారు. నిజానికి వాళ్లు తెర మీద వేస్తున్నవి చుక్కలు. గాజు స్లైడు జరుపుతున్నప్పుడు దాని అంచు నీడకి న్యూరాన్ ఉన్నట్టుండి జోరుగా స్పందించింది. పరికరం లోపం అనుకుని వదిలెయ్యకుండా దాని వెంటే పడ్డారు. వాళ్లు వర్ణించిన సింపుల్ సెల్స్ (ఒక చోట ఉన్న గీతకే స్పందించేవి), కాంప్లెక్స్ సెల్స్ (గీత కాస్త జరిగినా స్పందించేవి) అమరిక ఆధారంగా ఫుకుషిమా 1980లో నియోకాగ్నిట్రాన్ అనే పొరల నెట్‌వర్క్ (న్యూరాన్లని అనుకరించే కంప్యూటర్ మోడల్) కట్టాడు. 1989లో లెకున్ బృందం అలాంటి పొరల నిర్మాణానికి బ్యాక్‌ప్రాపగేషన్‌తో (తప్పుని వెనక్కి పంపి ప్రతి పొరనీ సరిదిద్దే పద్ధతితో) శిక్షణ ఇచ్చి చేతిరాత అంకెలు చదివించింది. ఫొటోల్లో ఏముందో గుర్తించే 2012 ఇమేజ్‌నెట్ పోటీలో అలెక్స్‌నెట్ అనే నెట్‌వర్క్ టాప్-5 తప్పులు (మొదటి ఐదు ఊహల్లోనూ సరైన జవాబు లేనివి) 15.3 శాతానికి దిగాయి, రెండో స్థానం వాళ్లవి 26.2 శాతం. ఆ తర్వాత ప్రవాహం ఇటు నుంచి అటు మళ్లింది. వస్తువుల్ని గుర్తించడం నేర్చిన నెట్‌వర్క్ పై పొరలు కోతి ఐటీ కార్టెక్స్ (వస్తువుల్ని గుర్తించే మెదడు భాగం) న్యూరాన్ల స్పందనని అంతకుముందున్న మోడళ్ల కన్నా బాగా అంచనా వేస్తాయని 2014లో యామిన్స్, డికార్లో, వాళ్ల సహచరులు చూపించారు. ఆ న్యూరాన్లకి సరిపోయేలా ఆ నెట్‌వర్క్‌ని ఎవరూ తీర్చిదిద్దలేదు. నా దృష్టిలో అది చాలా గొప్ప ఫలితం.

అయితే దాన్ని అనుకరించడం తేలికైపోయింది. ఇంకో నెట్‌వర్క్ తీసుకుంటారు, న్యూరాన్ల డేటాతో పోలుస్తారు, స్కోరు కాస్త పెరుగుతుంది, పేపరు వస్తుంది. నువ్వు ఆ వరసలో చేరకు. పోలిక ఎంత పెరిగినా మెదడు అలా ఎందుకు ఉందో దానంతటది చెప్పదు.

పోలిక కొలవాల్సి వచ్చినప్పుడు మాత్రం కొన్నిటి విషయంలో రాజీపడొద్దు. ఒకే బొమ్మని పదే పదే చూపించినా న్యూరాన్ ప్రతిసారీ ఒకేలా స్పందించదు. అందుకని రికార్డింగులని రెండు సగాలు చేసి, ఒక సగం రెండో సగాన్ని ఎంత బాగా అంచనా వేస్తుందో చూడు. ఏ మోడలైనా ఎంతవరకు రాగలదో దాన్నిబట్టే లెక్క తేలుతుంది. దాన్నే నాయిస్ సీలింగ్ అంటారు. అది లేకుండా ఇచ్చిన కోరిలేషన్ (మోడల్ అంచనాకీ అసలు స్పందనకీ ఉన్న పోలిక) 0.5 అయినా 0.3 అయినా నాకు ఏమీ చెప్పదు. రెండోది, అదే నెట్‌వర్క్‌ని శిక్షణ లేకుండా, రాండమ్ వెయిట్లతో (లోపలి అంకెలు ఏవో ఒకటి పెట్టేసి) నడిపి చూడు. చాలాసార్లు అది కూడా చెప్పుకోదగ్గ స్కోరే తెస్తుంది. అప్పుడు నీ మోడల్ గొప్పదనంలో శిక్షణ వాటా ఎంతో, పొరల నిర్మాణం వాటా ఎంతో తెలుస్తుంది. మూడోది, ఒక పొరలో వేల ఫీచర్లు (ఆ పొర ఇచ్చే అంకెలు) ఉంటాయి, నీ దగ్గర కొన్ని వందల బొమ్మలే ఉంటాయి. అలాంటప్పుడు రిగ్రెషన్ (ఫీచర్ల నుంచి న్యూరాన్ స్పందనని లెక్కగట్టే పద్ధతి) దేన్నైనా దేనికైనా అతికించేస్తుంది. టెస్టుకి కొన్ని బొమ్మల్ని పక్కన పెడితే చాలదు, కొన్ని కేటగిరీల్ని మొత్తంగా దాచిపెట్టు.

ఇక అసలు మాట. యంత్రమూ మెదడూ ఒప్పుకునే చోట కన్నా విడిపోయే చోట ఎక్కువ నేర్చుకుంటావు. పిల్లి ఆకారానికి ఏనుగు చర్మం తొడిగిన బొమ్మ చూపిస్తే మనుషులు ఎక్కువగా పిల్లి అంటారు, ఇమేజ్‌నెట్ మీద నేర్చిన నెట్‌వర్క్ ఏనుగు అంటుంది. గైర్‌హోస్ బృందం 2019లో చేసిన ఈ పరీక్ష, నెట్‌వర్క్ ఆకారం కన్నా టెక్స్చర్ (పైన కనిపించే చర్మం తీరు) మీద ఎక్కువ ఆధారపడుతోందని బయటపెట్టింది. వర్గీకరణ స్కోరు ఒక్కటే చూసి ఆ సంగతి ఎవరూ కనిపెట్టలేరు.

నాకు ఇంతకన్నా నచ్చినది ఇంకొకటి ఉంది. ఫొటోని కేవలం 20 మిల్లీసెకన్లు చూపించి అందులో జంతువు ఉందా లేదా అని అడిగితే, సుమారు 150 మిల్లీసెకన్లకే మనిషి మెదడు సంకేతాల్లో తేడా కనిపిస్తుందని థోర్ప్ బృందం 1996లో చూపించింది. అంత వేగం చూసి, సమాచారం కింది పొర నుంచి పై పొరకి ఒక్కసారి వెళ్తే చాలేమో అని చాలామంది అనుకున్నారు. కార్, డికార్లో, మిగతా వాళ్లు 2019లో, కోతులు తేలిగ్గా గుర్తించి నెట్‌వర్కులు తప్పే బొమ్మలనే ఏరి పట్టుకున్నారు. ఆ బొమ్మలకి ఐటీ కార్టెక్స్‌లో జవాబు దాదాపు 30 మిల్లీసెకన్లు ఆలస్యంగా తయారవుతోంది. మెదడులో ఉండి ఆ నెట్‌వర్కుల్లో లేని రికరెంట్ వలయాలు (సమాచారాన్ని మళ్లీ వెనక్కి తిప్పే దారులు) అప్పుడు పని చేస్తున్నాయన్న వాదనకి అది గట్టి సాక్ష్యం. ఆ ప్రయోగంలో తెలివంతా బొమ్మల ఎంపికలో ఉంది, గమనించు. నువ్వు మోడల్ మార్చడానికి పెట్టే శ్రద్ధలో సగమైనా స్టిములస్ (చూపించే బొమ్మల) ఎంపిక మీద పెట్టు.

"ఎందుకు" అన్న ప్రశ్నకి ఎలాంటి జవాబు కావాలో తెలియాలంటే ఓల్స్‌హౌసెన్, ఫీల్డ్ 1996 నాటి పేపరు చదువు. ఒకేసారి కొన్ని యూనిట్లే (కృత్రిమ న్యూరాన్లే) పనిచెయ్యాలి అన్న షరతుతో ప్రకృతి దృశ్యాల ఫొటోల్ని కోడ్ చెయ్యమంటే, హ్యూబెల్, వీసెల్ చూసినలాంటి వాలు గీతల రిసెప్టివ్ ఫీల్డులు (ఒక్కో యూనిట్ స్పందించే నమూనాలు) వాటంతటవే పుట్టుకొచ్చాయి. న్యూరాన్ల డేటా ఒక్క ముక్క కూడా అందులో వాడలేదు. అలాంటి జవాబుకి నువ్వు నెలల కొద్దీ ఖర్చు పెట్టినా నేను వద్దనను.

మిగతావి క్లుప్తంగా చెప్తాను. ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా, సిగ్నల్ ప్రాసెసింగ్ గట్టిగా పట్టు. రికార్డింగ్ చేసే ల్యాబ్‌లో కొన్నాళ్లు కూర్చో. ఎలక్ట్రోడ్ కదిలితే ఏమవుతుందో, జంతువు అలసిపోతే డేటా ఎలా మారుతుందో కళ్లారా చూస్తేగాని నీ ముందున్న ఫైలులో ఏది నమ్మాలో తెలియదు. ఆ డేటా వెనక ఒక ప్రాణి, ఒకరి ఏళ్ల శ్రమ ఉన్నాయి. అందుకే పేపర్లో ఎవరి పేరు ఎక్కడుంటుందో పని మొదలుపెట్టకముందే మాట్లాడుకోండి.

విజన్ కాన్ఫరెన్సులకి ప్రతి ఏడూ గడువు ఉంటుంది, జంతు ప్రయోగానికి ఏళ్లు పడుతుంది. రెండిటినీ ఒకే గడియారానికి కట్టాలని చూడకు. త్వరగా తేలే పని ఒకటి, నిదానంగా పండేది ఒకటి, ఎప్పుడూ రెండూ చేతిలో ఉంచుకో. బెంచ్‌మార్క్ (అందరూ వాడే పరీక్ష) స్కోరు పెరగలేదేమని అటువైపు రివ్యూయర్లు అంటారు, ఇది మెదడులో ఎలా సాధ్యమని ఇటువైపు వాళ్లు అడుగుతారు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. జవాబులు పేపరు రాసేముందే వెతుక్కో. ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి నువ్వు ఏ డిపార్ట్‌మెంట్ మనిషివని తప్పకుండా అడుగుతారు కాబట్టి ఏదో ఒక రంగంలో నీ పునాది స్పష్టంగా కనపడాలి. నీ చదువు చూస్తే అది విజన్ అనే నాకనిపిస్తోంది.

గైడ్‌ని ఎంచుకునే ముందు వాళ్ల పాత విద్యార్థులతో విడిగా మాట్లాడు. ఫలితం అనుకున్నట్టు రానప్పుడు ఆయనగానీ ఆవిడగానీ ఏం చేశారని అడుగు. నువ్వు చేరాలని చూస్తున్న రెండు ల్యాబుల వాళ్లూ ఏమన్నారో రాయి, చూసి చెప్తాను.

ఆశీస్సులతో,
నీ మాస్టారు