ఇంటి నుంచి ఆన్‌లైన్ వ్యాపారం: ముందు కారని ప్యాకెట్ సంగతి చూడండి

"ఇంట్లో ఉంటూనే చిన్న ఆన్‌లైన్ వ్యాపారం మొదలుపెట్టాలనుంది. చేతిలో 20 వేలున్నాయి. వెబ్‌సైట్ చేయించమంటారా, ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటనలు వేయమంటారా?" అని అడిగారు.

రెండూ వద్దు. ఆ డబ్బు ముందు బ్యాంకులోనే ఉండనివ్వండి.

నేను తణుకులో ఉంటాను. మా అత్తయ్యగారూ నేనూ కలిసి పచ్చళ్ళూ పొడులూ అమ్ముతాం. హైదరాబాదు, బెంగళూరు, పుణె, చెన్నై ఎక్కువ వెళ్తాయి. మాకు ఇప్పటికీ వెబ్‌సైట్ లేదు. వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్ పెట్టుకున్నాం, దానికి పైసా ఖర్చు లేదు. ఒక్కో పచ్చడికి పగటి వెలుతురులో తీసిన ఫొటో ఒకటి, కింద బరువు, ధర, అంతే. కొత్త పచ్చడి కలిపినప్పుడు బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పెడతాం, అంటే ఒకే మెసేజ్ ఒకేసారి అందరికీ విడివిడిగా వెళ్తుంది. ఒక లిస్టులో 256 మందే పడతారు, అదీ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే మెసేజ్ వెళ్తుంది. చాలామంది దీన్ని లోపం అంటారు గానీ నాకైతే ఇదే మేలు అనిపిస్తుంది. మన నంబరు సేవ్ చేసుకున్న మనిషి మళ్ళీ కొంటారు. ప్రకటన చూసి వచ్చినవాళ్ళలో సగం మంది ధర అడిగి మాయమవుతారు, అది కూడా ధర ఫొటో మీదే రాసి ఉండగా.

అసలు నేను చెప్పాలనుకున్నది పార్సెల్ గురించి. ఈ వ్యాపారం నిలబడేదీ మునిగేదీ అక్కడే. దీని గురించి ఎవరూ చెప్పరు, ఎందుకంటే రీల్స్‌లో చూపించడానికి అందంగా ఉండదు.

మేం మొదలుపెట్టినప్పుడు రుచి గురించి ఎవరికీ అనుమానం లేదు. వేసవి వస్తే అత్తయ్యగారి ఆవకాయ కోసం మా వీధివాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్ళు. పుల్లటి గట్టి కాయ, పప్పునూనె, ఇంట్లో ఎండబెట్టి కొట్టించిన ఆవపిండి, వేటిలోనూ రాజీ లేదు. కానీ జాడీలో ఉన్న ఆవకాయ కదలదు. లారీలో వెళ్ళే ఆవకాయ రెండు రోజులు కుదుపులు తింటుంది, తలకిందులవుతుంది, దాని మీద ఇంకెవరిదో మిక్సీ పెట్టె ఎక్కుతుంది. గాజు సీసాలో పంపుదామంటే బరువు, పైగా పగులుతుందని భయం. ప్లాస్టిక్ డబ్బాకి మూత ఎంత బిగించినా మరల్లోంచి నూనె పాకుతుంది. అందుకని మందపాటి కవర్లు తెచ్చి, చేత్తో నొక్కే చిన్న సీలింగ్ మిషన్ కొన్నాం. సీల్ చేసి రాత్రి న్యూస్‌పేపర్ మీద బోర్లించి పడుకున్నాం. తెల్లారి చూస్తే సీల్ గీత వెంబడి సన్నగా ఎర్రటి నూనె. వేడి పెంచితే కవరు కమిలింది గానీ కారడం ఆగలేదు.

అత్తయ్యగారు ఆ కవరును కిటికీ వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూశారు. "అమ్మాయ్, నూనె తగిలిన చోట అతుక్కోవట్లేదే. ముక్క జారేటప్పుడు మూతి తడుస్తోంది" అన్నారు. ఇంకో కవరు తీసుకుని దాని మూతిని చొక్కా చెయ్యి మడిచినట్టు నాలుగు వేళ్ళ మేర బయటికి మడిచారు. పచ్చడి వేసి, గరిటె అంచు ఎక్కడా తగలకుండా పైకి తీసి, అప్పుడు మడత విప్పారు. మూతి లోపలి భాగం పొడిగా, శుభ్రంగా ఉంది. పొడిగుడ్డతో ఓసారి తుడిచి, గాలి ఒత్తేసి సీల్ చేస్తే గట్టిగా పట్టింది. అరంగుళం ఎడంతో రెండో సీల్ కూడా వేయించారు. ఆ ప్యాకెట్ ఇంకో కవర్లోకి, దాని చుట్టూ బబుల్ షీట్, ఆ తర్వాత అట్టపెట్టె. పెద్ద కంపెనీలకు దీనికి ఏం మిషన్లు ఉంటాయో ఉండనివ్వండి, మాకు ఇదే ఇప్పటికీ పద్ధతి.

ప్యాకెట్ తయారైంది కదా అని కొరియర్ ఆఫీసుకి వెళ్తే అక్కడ ఇంకో గొడవ. కౌంటర్లో కుర్రాడు "లోపలేంటండీ?" అన్నాడు. పచ్చడి అన్నాను.

"కుదరదండి. కారితే పక్క పార్సెళ్ళన్నీ పాడవుతాయి. మొన్న ఎవరిదో కారి చీరల పార్సెల్ పోయింది, ఆ డబ్బు మా మీద వేశారు."

అతనన్నదీ నిజమే, అతని భయం అతనిది. నేను ఇంకో ఆఫీసు చూద్దామని వెనక్కి తిరిగాను. అత్తయ్యగారు మాత్రం కదల్లేదు. సంచిలోంచి పెట్టెలో పెట్టని విడి ప్యాకెట్ ఒకటి తీసి, అతని ముందున్న తెల్ల రిజిస్టర్ మీద బోర్లించి, రెండు అరచేతులూ ఆనించి ఒళ్ళంతా బరువు వేసి నొక్కారు. నాకు గుండె ఆగినంత పనైంది. "చూడు అబ్బాయ్, ఒక్క చుక్క పడితే నీకు కొత్త రిజిస్టర్ కొనిస్తాను" అన్నారు. నొక్కుతూనే ఉన్నారు. వెనకాల లైన్లో ఉన్నవాళ్ళు కూడా ముందుకొచ్చి చూస్తున్నారు. ప్యాకెట్ ఎత్తితే కాగితం మీద మరక లేదు. అతను ఆ పేజీని వేలితో రాసి చూసుకుని, "సరే ఇవ్వండి మామ్మగారూ" అని పెట్టె తీసుకున్నాడు. ఆ లైన్లో నిలబడ్డ ఒకావిడ మా తొలి బయటి కస్టమర్, పుణెలో ఉన్న కూతురికి అక్కడికక్కడే ఆర్డరిచ్చారు. ప్రకటనలకు డబ్బు తగలేయొద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. మన సరుకు మీద మనకున్న నమ్మకం ఎదుటివాళ్ళ కళ్ళబడితే చాలు.

ఆ మొదటి పార్సెల్ కూడా కస్టమర్‌కి పంపలేదు. బెంగళూరులో ఉన్న మా తమ్ముడికి పంపాం. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయమన్నాం, ఏ మూల నలిగింది, టేపు ఎక్కడ లేచింది అన్నీ చూపించమన్నాం. మీరు ఏది అమ్మినా సరే, చీరలైనా గాజులైనా కొవ్వొత్తులైనా, మొదట మొహమాటం లేకుండా నిజం చెప్పే మీవాళ్ళకి పంపండి. వీలైతే ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ పంపి చూడండి.

పార్సెల్ ధర గురించి కూడా చెప్పాలి. కొరియర్ వాళ్ళు బరువుకే కాదు, పెట్టె సైజుకి కూడా లెక్క కడతారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి మామూలుగా 5000తో భాగిస్తారు. వచ్చిన అంకె, అసలు బరువు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు. కిలో పచ్చడిని 30, 20, 20 సెంటీమీటర్ల పెట్టెలో పెట్టారనుకోండి, 2.4 కిలోలకు కట్టాలి. అదే కిలో 20, 15, 12 పెట్టెలో సరిపోతే సైజు లెక్క కిలోకి లోపే వస్తుంది, అసలు బరువుకే కడతారు. కాబట్టి ధర నిర్ణయించే ముందే పెట్టె సైజు నిర్ణయించుకోవాలి. మన ఊళ్ళో అట్టపెట్టెలు చేసేవాళ్ళ దగ్గరికి ప్యాకెట్ పట్టుకెళ్ళి కొలతలిచ్చి చేయించుకుంటే అన్ని విధాలా నయం.

ఇక "ఫ్రీ డెలివరీ లేదా?", "క్యాష్ ఆన్ డెలివరీ లేదా?" అని రోజూ అడుగుతారు. పెద్ద కంపెనీలు నష్టాలు భరిస్తూ జనానికి ఈ అలవాటు చేశాయి, మూల్యం మనలాంటివాళ్ళు చెల్లిస్తున్నాం. తినే వస్తువుకి క్యాష్ ఆన్ డెలివరీ పెట్టొద్దు. వద్దంటే వద్దు. పార్సెల్ వెళ్ళాక "ఇంట్లో లేం", "ఇప్పుడొద్దు" అంటే రానూ పోనూ చార్జీ మనదే. ఎక్కడో గోడౌన్‌లో ఎండకి మగ్గి వచ్చిన పచ్చడిని మళ్ళీ ఇంకొకరికి అమ్మలేం కదా. డబ్బు ముందు ఇవ్వనివాళ్ళు మన కస్టమర్లు కారని గట్టిగా అనుకోండి. ఆర్డర్లు తగ్గుతాయేమోనని టెన్షన్ పడతారు, ఏం తగ్గవు.

డబ్బు ముందు తీసుకోవడంలోనూ జాగ్రత్తలున్నాయి. పేమెంట్ స్క్రీన్‌షాట్ చూసి పార్సెల్ కట్టకండి, మీ ఖాతాలో పడిందో లేదో చూసుకున్నాకే కట్టండి. స్క్రీన్‌షాట్ తయారు చేయడం పిల్లలకి కూడా వచ్చు. ఇంకో రకం వాళ్ళు ఆర్మీ ఆఫీసర్లమని ఫోన్ చేసి, క్యాంపుకి ఒకేసారి పాతిక కిలోలు కావాలంటారు, బేరం కూడా ఆడరు, "డబ్బు పంపుతున్నాం, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటారు. మాకూ అలాంటి ఫోన్ వచ్చింది, మావారు పక్కనుంచి లాక్కుని కట్ చేశారు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పిన్ కొట్టామంటే మన డబ్బు పోతున్నట్టే. ఇంట్లో పెద్దవాళ్ళ చేతిలో వ్యాపారం ఫోన్ ఉంటే ఈ ఒక్క సంగతి గోడ మీద రాసి పెట్టండి. ఒకవేళ డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

కాగితాల సంగతి. తినే వస్తువు అమ్మితే ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే, ఇంట్లో చేసి అమ్మినా సరే. ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవచ్చు, మేం తీసుకున్నప్పుడు చిన్న వ్యాపారులకి ఏడాదికి 100 రూపాయలు ఫీజు. బయటి ఏజెంటు వేలు అడుగుతాడు, ఇవ్వకండి. వచ్చిన 14 అంకెల నంబరు ప్యాకెట్ మీద వేయాలి, దాంతోపాటు దినుసులు, నికర బరువు, తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలో, మన చిరునామా. జీఎస్టీ దగ్గర చాలామంది పొరబడతారు. ఆంధ్రలో సరుకులకు ఏడాదికి 40 లక్షల అమ్మకాల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న మాట నిజమే, కానీ అది రాష్ట్రం లోపల అమ్మేవాళ్ళకి. పన్ను పడే సరుకు రాష్ట్రం దాటించి అమ్మితే ఆ పరిమితి వర్తించదు, రిజిస్ట్రేషన్ కావాలి. కొన్ని చేతివృత్తుల వస్తువులకి మినహాయింపు ఉంది, పచ్చడికి లేదు. తణుకు నుంచి హైదరాబాదు పంపినా రాష్ట్రం దాటినట్టే. పచ్చళ్ళ మీద 12 శాతం ఉన్న పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం అయింది, అది మాత్రం మాకు పెద్ద ఊరట.

అమెరికా ఆర్డర్లు మొదట్లోనే పెట్టుకోకండి. మన తెలుగువాళ్ళు అక్కడ బోలెడుమంది ఉన్నారు, అడుగుతారు, నిజమే. కానీ 2025 ఆగస్టు చివర్లో 800 డాలర్ల లోపు పార్సెళ్ళకున్న సుంకం మినహాయింపు అమెరికా ప్రభుత్వం ఎత్తేసింది. అప్పుడు కొన్ని వారాలు మన పోస్టాఫీసులో కూడా అటువైపు చాలా పార్సెళ్ళు తీసుకోలేదు. దాని మీదే ఆధారపడ్డవాళ్ళు ఎంత ఇబ్బంది పడ్డారో దగ్గర్నుంచి చూశాను. పైగా కోడి, మాంసం పచ్చళ్ళు అక్కడికి పంపకూడదు, "అందరూ పంపుతున్నారుగా" అనేవాళ్ళ మాట వినకండి.

ఈ మధ్య "ఆన్‌లైన్ బిజినెస్ నేర్పిస్తాం" అని వేలకి వేలు తీసుకునే కోర్సులు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళలో సీల్ ఎందుకు ఊడుతుందో తెలిసినవాళ్ళు ఒక్కరుంటే చెప్పండి. ఇంట్లో నగ తాకట్టు పెట్టి ఆ కోర్సు కట్టిన అమ్మాయి నాకు తెలుసు. చివరికి ఆమెకి చేతికొచ్చింది కొన్ని వీడియోలు, ఒక లోగో. లోగో లేకపోయినా పచ్చడి అమ్ముడుపోతుంది. "హోమ్‌మేడ్" అని రాసి పామాయిల్ కలిపి అమ్మేవాళ్ళ మీద కూడా నాకు ఇంతే కోపం, వాళ్ళ ధర చూపించి మమ్మల్ని తగ్గించమంటారు.

మీ 20 వేల సంగతికొస్తే, సీలింగ్ మిషన్, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న కాటా, కవర్లు, పెట్టెలు, లేబుళ్ళు అన్నీ కలిపినా అందులో సగం కూడా అవ్వదు. మిగతాది సరుకు మీద పెట్టండి. పచ్చళ్ళే అనుకుంటే ఆవకాయతో మొదలుపెట్టకండి. ఏడాదికి సరిపడా ఏప్రిల్, మే నెలల్లోనే పెట్టేయాలి, డబ్బంతా జాడీల్లో ఇరుక్కుంటుంది. కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వులపొడి అయితే ఆర్డరు వచ్చాక కొట్టుకోవచ్చు, కారే భయం లేదు, బరువూ తక్కువ. పార్సెల్ పద్ధతి మీ చేతికి అలవాటయ్యాక, ఫిబ్రవరి మార్చిలో కొత్త మిర్చి వచ్చినప్పుడు కారానికి కొనిపెట్టుకుని, ఆ వేసవికి కొద్దిగా ఆవకాయ పెట్టండి. కవర్లు ఎంత మందం తీసుకోవాలో అడిగితే కామెంట్లో చెప్తాను.