'ట్రాన్స్‌ప్లాంటేషన్' గురించి రాయబోయే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నిఘంటువు తెరిచి మొదటి పేరాలోనే లాటిన్ అంతా కుమ్మరించకు. నారుమడి దగ్గర మొదలుపెట్టు, మాట పుట్టిందీ సాగులోనే. లాటిన్‌లో 'ట్రాన్స్' అంటే అవతలికి, 'ప్లాంటారే' అంటే నాటడం. ఇంగ్లీషులోకి 15వ శతాబ్దంలో వచ్చింది. 'ప్లాంటా'కు లేత మొక్కతో పాటు అరికాలు అనే అర్థమూ ఉంది. అరికాలితో మట్టి అదిమి నాటేవాళ్లు కాబట్టి ఆ పేరొచ్చిందంటారు. అది ఊహ, ఊహగానే రాయి.

తర్వాత ఆ మాట మనుషుల మీదికి పాకింది. 1650లలో ఐర్లాండ్‌ను గెలిచిన ఇంగ్లండ్ నేత క్రామ్‌వెల్ తరఫు పాలకులు అక్కడి కాథలిక్ భూస్వాములను షానన్ నది అవతల, పడమటనున్న కొనాట్ ప్రాంతానికి పంపేస్తూ ఉత్తర్వుల్లో వాడింది దీన్నే. దీన్ని వదిలేయకు, చాలామంది పొలం నుంచి నేరుగా ఆసుపత్రికి దూకేస్తారు. వైద్యంలో ఈ మాట 18వ శతాబ్దంలో బ్రిటిష్ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ రాతల్లో, పళ్ల విషయంలో కనిపిస్తుంది. గుండె వంతు కేప్‌టౌన్‌లో, 1967లో గానీ రాలేదు.

అసలు చిక్కు తెలుగులో ఉంది. వరికి 'నాట్లు' అంటాం, అవయవానికి 'మార్పిడి' అంటాం. మార్పిడి అనగానే పాతది తీసి కొత్తది పెట్టడమే తడుతుంది. గుండెకూ కాలేయానికీ అది సరిపోతుంది, కిడ్నీకి కాదు. పాత కిడ్నీలను సాధారణంగా ఉన్నచోటే వదిలేస్తారు. కొత్తదాన్ని పొత్తికడుపులో ఒక పక్కన అమర్చి, అక్కడి రక్తనాళాలకు కలిపి, దాని మూత్రనాళాన్ని మూత్రాశయానికి కుడతారు. "పాడైన కిడ్నీ తీసేసి" అని రాస్తే తెలిసినవాళ్లు అక్కడే చదవడం ఆపేస్తారు. రక్తాన్ని తయారుచేసే మూలకణాలనైతే రక్తం ఎక్కించినట్టే సిరలోకి ఎక్కిస్తారు, దాన్ని ఆపరేషన్ అనకు. 'కంటి మార్పిడి' అని వాడుకలో ఉన్నా మార్చేది కార్నియానే, అంటే కంటి ముందుండే పారదర్శక పొరనే.

చర్మానికి 'గ్రాఫ్ట్' అంటారు. అది వేరే మాట, గ్రీకులో ఘంటం నుంచి వచ్చింది. అంటుకొమ్మ చెక్కిన మొన అలా ఉంటుంది మరి.

ఇక నారును, అవయవాన్ని పోల్చాలని ఎలాగూ అనిపిస్తుంది. కొంతవరకే పోల్చు. పీకిన నారు వాడిపోయేది వేళ్లు తెగి చాలినంత నీరు పీల్చలేక. అవయవాన్ని శరీరం తిరస్కరించడం అలాంటిది కాదు, రోగనిరోధక వ్యవస్థ దాన్ని పరాయిదిగా గుర్తుపట్టి దాడి చేస్తుంది. 1954లో బోస్టన్‌లో అమర్చిన కిడ్నీ నిలబడింది కూడా దాత, గ్రహీత ఒకే పోలిక కవలలు కాబట్టే. చిత్తుప్రతిలో ముందు ఈ పేరా రాసి పంపు.