ఒకే ఆకు, ఊరికో పేరు: యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికాలో అరుగులా అనీ, ఇంగ్లండులో రాకెట్ అనీ పిలిచే సలాడ్ ఆకు మీద నీవు రాసిన వ్యాసం శ్రద్ధగా చదివాను. ఆవాకులా నాలుకకు తగిలే దాని ఘాటును వర్ణించిన తీరు ఎంతో నచ్చింది; అది నిజంగానే ఆవ కుటుంబపు మొక్క. అయితే, ఆకు ఆకారం నింగికెగిరే రాకెట్‌ను పోలి ఉన్నందున ఆ పేరు వచ్చిందన్న వాక్యాన్ని మాత్రం తప్పక తీసివేయి.

లాటిన్‌లో ఈ మొక్క పేరు ఎరూకా. ఇటలీలో అది రూకాగా మారి, చిన్నదనాన్ని తెలిపే ప్రత్యయాలు చేరడంతో ప్రాంతానికో రూపం దాల్చింది. ఆ రూపాల్లో ఉత్తరాదిదైన ఒకదానిని ఫ్రెంచివారు రొకెత్‌గా తీసుకోగా, అదే ఆంగ్లేయుల వద్ద రాకెట్ అయింది. ఆకాశానికి దూసుకుపోయే రాకెట్ పేరు కూడా ఇటలీ నుండి వచ్చినదే గాని, దానికి మూలం నూలు వడికే సాధనం పేరు. వేర్వేరు మాటలు ఇంగ్లీషులో ఒకే రూపానికి వచ్చాయి, అంతే. చెవికి ఒకటిగా వినిపించినంత మాత్రాన చుట్టరికం కట్టబెట్టడం ఈ రకం వ్యాసాలకు పట్టిన పెద్ద జబ్బని నా నమ్మకం.

నీవు రెండు పంక్తుల్లో దాటవేసిన అరుగులాలోనే అసలు కథ ఉంది. దక్షిణ ఇటలీ మాండలికపు ఆ మాటను అమెరికాకు తీసుకువెళ్లినవారు అక్కడి నుండి వలసపోయిన జనం. 1960లో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో వంటల రచయిత క్రెయిగ్ క్లేబోర్న్ దాని గురించి రాసే నాటికి అది వారి వంటిళ్లలో వాడుకలో ఉన్న పేరే. జర్మన్ భాషకు రౌకె అనే తన పాత మాట ఉన్నా, ఇటాలియన్ వంటల వెంట వచ్చిన రుకోలాయే నేడు అంగళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. స్పానిష్‌లో లాటిన్ మాటకు వారసురాలైన ఒరూగా అంటే ఈ మొక్కే కాక గొంగళిపురుగు కూడా. లాటిన్‌లోనూ ఆ రెండర్థాలూ ఉండేవి. కాబట్టి ప్రతి రూపం వద్దా ఆగి, దానిని ఎవరు, ఏ పని మీద వెళుతూ వెంట తీసుకుపోయారో రాయి. ఫ్రెంచి మాటకు ఫ్రెంచి నిఘంటువునే, జర్మన్ మాటకు జర్మన్ నిఘంటువునే సంప్రదించు.

మన దేశపు వాయవ్య ప్రాంతాల్లో దీనినే తారామీరా పేరుతో నూనెగింజల కోసం పండిస్తారన్న విషయం చేర్చవచ్చు. తెలుగులో మాత్రం కొత్త పేరు కల్పించవద్దు. మొదటిసారి అరుగులా, రాకెట్ అన్న రెండు పేర్లనూ ఇచ్చి, ఆ తరువాత అరుగులానే చివరిదాకా వాడు. సవరించిన ప్రతిని పంపు, చదువుతాను.