హీటర్ కొనకండి, తొట్టికి గొంగడి కప్పండి

ప్రశ్న: కల్వకుర్తి దగ్గర మాకు చిన్న పాలీహౌస్ ఉంది. అందులో చేపల తొట్టి, ఆకుకూరల బెడ్లు కలిపి ఆక్వాపోనిక్స్ (చేపల నీళ్లనే మొక్కల బెడ్లకు తిప్పి, మళ్లీ తొట్టిలోకి తెచ్చే పద్ధతి) మొదలుపెడదామనుకుంటున్నాం. అమెరికా వీడియోల్లో చలికాలం ముందు డబుల్ షీట్ వేస్తున్నారు, హీటర్లు పెడుతున్నారు, నేల కింద పైపులు వేస్తున్నారు. మనకూ అవన్నీ కావాలా? గ్రీన్‌హౌస్‌ను చలికి ఎలా సిద్ధం చేసుకోవాలి?

హీటర్ అక్కర్లేదు. డబుల్ షీట్ కూడా అక్కర్లేదు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, దేవరకొండ పక్కన మా ఇంటి వెనుక 3,000 లీటర్ల తొట్టితో నాలుగు చలికాలాలు గడిపాను. అందులో ఒక చలికాలం 38 చేపలను పోగొట్టుకున్నాను. అప్పటి నుంచి చలి మొదలైతే చాలు, థర్మామీటర్ నా చేతిలోనే ఉంటుంది.

ముందు ఆ వీడియోల సంగతి. వాళ్లు చేసేది వాళ్ల ఊరికి సరైనదే. అమెరికా ఉత్తరాన ఉన్న మిన్నెసోటాలో డిసెంబర్ 21 మధ్యాహ్నం కూడా సూర్యుడు 21, 22 డిగ్రీల ఎత్తుకు మించి రాడు. పగలు తొమ్మిది గంటలు కూడా ఉండదు. అందుకే దక్షిణం వైపు అద్దాన్ని నిటారుగా నిలబెట్టి, పగటి వేడిని నేల కింద రాళ్లలో దాచుకుంటారు. లద్దాఖ్‌లోనూ మూడు వైపులా మందపాటి మట్టి గోడలు కట్టి, దక్షిణం వైపు మాత్రమే పాలిథిన్ వేస్తారు. మన దగ్గర అదే రోజు మధ్యాహ్నం సూర్యుడు దాదాపు 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. పగలు పదకొండు గంటలుంటుంది. డిసెంబర్‌లో కూడా మధ్యాహ్నం పాలీహౌస్‌లో చెమట పడుతుంది. మనకు వెలుతురు కరువు లేదు, పగటి వేడికీ కరువు లేదు. ఆ వేడి తెల్లారేదాకా నిలవదు, మన బాధంతా అదే. ఇంత తేడా ఉన్నప్పుడు వాళ్ల సామాను తెచ్చి ఇక్కడ బిగించుకోవడం ఎందుకు?

ఇక ఆ 38 చేపల సంగతి చెబుతాను. అది మా రెండో చలికాలం. తొట్టిలో 120 రూప్‌చంద్ చేపలు, ఒక్కోటి పావు కిలోకు దగ్గరగా ఉన్నాయి. రెండు కంకర బెడ్లలో పాలకూర, కొత్తిమీర, కొంచెం లెట్యూస్. సిస్టమ్ బిగించిన అతను పంపు ఎప్పుడూ ఆపొద్దు, రాత్రీ పగలూ గంటకోసారి బెడ్లు నిండాలి అన్నాడు. మేత కూడా రోజుకు 400 గ్రాములు తప్పకుండా వేయమన్నాడు. అన్నీ అలాగే చేశాను. డిసెంబర్ రెండో వారంలో నాలుగు రోజులు మబ్బు పట్టింది, ఆ వెంటనే ఆకాశం తేటపడి చలి గాలి మొదలైంది. చేపలు మేత దగ్గరికి రావడం తగ్గిందని చూశాను కానీ, కడుపు నిండి ఉంటుందిలే అనుకుని వేస్తూనే పోయాను.

ఒక రోజు తెల్లవారుజామున ఐదు గంటలకు టార్చిలైటు పట్టుకుని పోతే, తొట్టిలో కదలిక లేదు. ఎప్పుడైనా లైటు పడగానే గుండ్రంగా తిరిగే చేపలు అడుగున ఒక మూలకు ఒరిగి ఉన్నాయి. కొన్ని పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి, ఎయిర్ స్టోన్ బుడగలు వస్తూనే ఉన్నా. చెయ్యి పెడితే జిల్లుమంది. థర్మామీటర్ 16 చూపించింది. నైట్రైట్ (చేపల వ్యర్థం నుంచి నీళ్లలో పుట్టే విషం) కొలిచే కిట్ తీసి చుక్కలు వేస్తే గులాబీ రంగు ముదిరి వంకాయ రంగు దాకా పోయింది. చచ్చిన చేప మొప్ప తెరిచి చూస్తే ఎర్రగా లేదు, గోధుమ రంగులో ఉంది. నైట్రైట్ రక్తంలోకి పోతే రక్తం ఆక్సిజన్ మోయలేదు. నీళ్లలో గాలి ఎంత ఉన్నా చేపకు ఊపిరి అందదు. నాకు ఏడుపొచ్చింది. మా ఆయన ఫోన్లో హీటర్ల ధరలు చూడటం మొదలుపెట్టాడు.

మా అత్తమ్మ అప్పుడే లేచి వచ్చింది. తొట్టి చుట్టూ ఒకసారి తిరిగింది. కంకర బెడ్ మీద చెయ్యి పెట్టి చూసి, "బిడ్డా, రాత్రంత గీ చల్లటి రాళ్ల మీద నీళ్లు తిప్పుతున్నవ్, మళ్ల నీళ్లు సల్లగైనయని ఏడుస్తున్నవ్. మనం గొంగడి కప్పుకొని పండుకుంటలేమా, గా తొట్టికి ఎందుకు కప్పవు?" అంది. లోపలికి పోయి మా మామ గొర్రెలు కాసినప్పటి నల్ల గొంగడి తెచ్చింది. తొట్టి మీద నాలుగు వెదురు కర్రలు అడ్డంగా వేసి, పాలిథిన్ పరిచి, దాని మీద గొంగడి కప్పాం. గాలి ఆడటానికి ఒక పక్క జానెడు సందు వదిలాం.

ఆమె చెప్పినదాంట్లో మొత్తం శాస్త్రం ఉందని తర్వాత లెక్క వేస్తే తెలిసింది. నీళ్లు చల్లబడటానికి పెద్ద కారణం ఆవిరి. ఒక లీటరు నీరు ఆవిరైతే, మిగిలిన నీళ్లలో దాదాపు 585 లీటర్లను ఒక డిగ్రీ చల్లార్చి పోతుంది. అంటే మా తొట్టి, బెడ్లు కలిపి రాత్రికి పది లీటర్లు ఆవిరైతే 3,000 లీటర్లు దాదాపు 2 డిగ్రీలు పడిపోతాయి. చలికాలపు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఇంకా ఎక్కువ లాగుతుంది. పైగా తడి కంకర మీద గంటగంటకూ నీళ్లు పారించడమంటే ఎండాకాలం కూలర్ నడిపినట్టే.

తర్వాత రెండు రాత్రులు అలారం పెట్టుకుని గంటగంటకూ కొలిచాను. కప్పు లేకుండా, పంపు పాత టైమర్‌తో నడిపిన రాత్రి నీళ్లు 4 డిగ్రీలు పడ్డాయి. గొంగడి కప్పి, పంపును రెండు గంటలకోసారి పావుగంట మాత్రమే నడిపిన రాత్రి ఒకటిన్నర డిగ్రీ పడ్డాయి. రెండు రాత్రులూ బయట చలి ఇంచుమించు ఒక్కటే, 13 దగ్గర. నాకు ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ఎయిర్ పంపు మాత్రం ఒక్క నిమిషం కూడా ఆపకండి.

హీటర్ లెక్క కూడా చూడండి. వెయ్యి లీటర్ల నీటిని ఒక డిగ్రీ వేడి చేయాలంటే 1.16 యూనిట్ల కరెంటు కావాలి. మా 3,000 లీటర్లను 5 డిగ్రీలు పెంచాలంటే 17 యూనిట్ల పైనే. రోజూ అలా చేస్తే నెలకు 500 యూనిట్లు దాటుతుంది. పాలకూర కట్టలు అమ్మి ఆ బిల్లు కట్టగలమా? గాలిని వేడి చేసే హీటరైతే ఇంకా దండగ. ఒక ఘనపు మీటరు నీళ్లు దాచుకునే వేడి, అంతే గాలి దాచుకునే దానికి దాదాపు 3,500 రెట్లు. గాలి వేడి చేస్తే సందుల్లోంచి పోతుంది, నీళ్లు వేడెక్కితే తెల్లారేదాకా ఉంటుంది.

అందుకే పాలీహౌస్‌లో ఉత్తరం వైపు నల్ల రంగు వేసిన 200 లీటర్ల డ్రమ్ములు పెట్టి నీళ్లు నింపండి. పది డ్రమ్ములంటే 2,000 లీటర్లు. పగలు ఎండకు వేడెక్కి, రాత్రి 5 డిగ్రీలు చల్లబడితే 11 యూనిట్ల పైన వేడిని వదులుతాయి, పైసా బిల్లు లేకుండా. పాత డ్రమ్ములు జడ్చర్లలోనో హైదరాబాద్‌లోనో దొరుకుతాయి. రసాయనాలు నింపినవి మాత్రం వద్దు, పగిలితే నీళ్లు తొట్టి వైపు పారతాయి. తొట్టి గోడల చుట్టూ థర్మోకోల్ షీట్లు, వాటి మీద గోనె సంచులు కట్టండి. నేల మీద ఉన్న సిమెంటు తొట్టికైతే ఇది తప్పనిసరి.

పాలీహౌస్ కట్టేవాళ్ల మీద నాకు చాలా కోపం ఉంది. మన దగ్గర కట్టేవన్నీ వేడి బయటికి పోవడానికే కడతారు. పైన వెంట్ శాశ్వతంగా తెరిచే ఉంటుంది, మూసే ఏర్పాటు అడిగితే "ఎవరూ పెట్టుకోరు మేడమ్" అంటారు. డిసెంబర్ రాత్రి ఆ సందులోంచి వేడి అంతా పోతుంది. కట్టించేటప్పుడే కిందికి లాగే పరదా అడిగి పెట్టించుకోండి. ఇంకో విషయం చాలామంది నమ్మరు. గాలి లేని తేటైన రాత్రుల్లో మామూలు పాలిథిన్ కప్పు వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. తెల్లవారుజామున లోపల గాలి బయటికంటే అర డిగ్రీ చల్లగా ఉండటం నేనే చూశాను. దీనికి లోపల పైన షేడ్ నెట్‌ను సాయంత్రం అడ్డంగా లాగి, పొద్దున తీసేస్తే సరిపోతుంది. సైడ్ కర్టెన్లు సాయంత్రం నాలుగింటికల్లా, ఎండ ఉండగానే దించండి. ఆరున్నరకు దించితే దాచుకోవడానికి ఏమీ మిగలదు. పొద్దున తొమ్మిదికి ఎత్తండి. లేకపోతే ఆకుల మీద నీటి చుక్కలు నిలిచి, లెట్యూస్‌కు, పాలకూరకు బూజు తెగులు వస్తుంది.

మేత గురించి మాత్రం దయచేసి శ్రద్ధగా చదవండి. మా చేపలను చంపింది చలి ఒక్కటే కాదు, నేను వేసిన మేత కూడా. చేప వదిలే అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత మొక్కకు పనికొచ్చే నైట్రేట్‌గా మార్చేది కంకరలో ఉండే బ్యాక్టీరియా. నీళ్లు 17 కంటే కిందికి పోతుంటే అది మందగిస్తుంది. రెండో మెట్టు బ్యాక్టీరియా ముందుగా వెనకబడుతుంది, అందుకే నైట్రైట్ పేరుకుంటుంది. నా పద్ధతి ఇది: నీళ్లు 24 పైన ఉంటే పూర్తి మేత, 20 నుంచి 24 మధ్య సగం, 18 కిందికి పోతే పూర్తిగా బంద్. వేసేది కూడా పొద్దున కాదు, మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత, నీళ్లు బాగా వేడెక్కినప్పుడు. వారం రోజులు మేత లేకపోయినా ఈ చేపలు చావవు. నైట్రైట్ పెరిగిందంటే నీళ్లు మూడో వంతు మార్చి, వెయ్యి లీటర్లకు కిలో చొప్పున దొడ్డు ఉప్పు కలపండి. ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల్లోకి పోనివ్వదు. ఆ రోజు నేను మూడు కిలోలు కలిపిన తర్వాతే మిగతా 82 నిలిచాయి. పాలకూరకు ఏమీ కాలేదు. స్ట్రాబెర్రీ ఉంటే మాత్రం వద్దు, అది ఉప్పుకు తట్టుకోదు.

నీళ్లు మార్చేటప్పుడు ఏ నీళ్లు అనేది కూడా చూసుకోవాలి. మిషన్ భగీరథ నల్లా నీళ్లు సరాసరి పోస్తే అందులోని క్లోరిన్ బ్యాక్టీరియాను చంపుతుంది. ఒక రోజంతా డ్రమ్ములో ఎయిర్ స్టోన్ పెట్టి ఉంచి పోయండి. బోరు నీళ్ల బాధ వేరు. మా మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ గురించి దేశమంతా తెలుసు. నీళ్లు కఠినంగా కూడా ఉంటాయి, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) 8 దాటుతుంది. బ్యాక్టీరియా బాగా పనిచేసే రోజుల్లో అది వదిలే ఆమ్లం పీహెచ్‌ను కిందికి లాగుతుంది. చలికాలంలో అది మందగిస్తే పీహెచ్ పైనే నిలుస్తుంది, అప్పుడు మొక్కకు ఇనుము అందదు. జనవరిలో లేతాకులు పసుపు పచ్చగా మారి, ఈనెలు మాత్రమే ఆకుపచ్చగా మిగిలితే అదే కారణం. పురుగు మందుల షాపులో చిలేటెడ్ ఐరన్ (మొక్క పీల్చుకునే రూపంలో ఉన్న ఇనుము) అడిగితే ఈడీటీఏ రకం ఇస్తారు, ఇంత పీహెచ్‌లో అది పనిచేయదు. ఈడీడీహెచ్‌ఏ అని రాసి ఉన్నదే తెచ్చుకోండి. అన్నిటికంటే మేలు వాన నీళ్లు. 100 చదరపు మీటర్ల పాలీహౌస్ కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 1,000 లీటర్లు. గట్టర్లు లేకుండా అంత పెద్ద కప్పులు ఎలా కడుతున్నారో నాకు అర్థం కాదు. ఇంత కరువు నేలలో చేతికొచ్చిన వాన నీళ్లను మట్టిపాలు చేస్తున్నారు.

చేపల ఎంపిక విషయానికొస్తే, మొదటి చలికాలానికి రూప్‌చంద్ వద్దు. అది వేడి దేశపు నదుల చేప, చలికి అన్నిటికంటే ముందు పడిపోతుంది. బంగారు తీగ వేయండి, చలికి బాగా ఓర్చుకుంటుంది. రవ్వ, బొచ్చె కూడా మన చలికి నిలుస్తాయి, కాకపోతే మేత తగ్గిస్తాయి. మా అత్తమ్మ కొర్రమీను వేయమని నాలుగేళ్లుగా అడుగుతోంది. అది గాలి పీల్చి బతికే చేప, గట్టిదే, కానీ పెద్దది చిన్నదాన్ని మింగుతుంది. దానికి వేరే తొట్టి కట్టాకే వేస్తాను.

మీరు ఇంకా మొదలుపెట్టలేదు కాబట్టి ఒక్క మాట. కంకరలో బ్యాక్టీరియా స్థిరపడటానికి వేడి నీళ్లలోనే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, చలిలో ఇంకా ఎక్కువ. వినాయక చవితి నాటికి నీళ్లు తిరుగుతుంటే దీపావళికి సిద్ధమవుతుంది. ఆ గడువు దాటితే తొందరపడకండి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది కదా, అప్పుడు మొదలుపెట్టండి. ఈలోపు ఒక తొట్టిలో ఉత్త నీళ్లు నింపి, రోజూ తెల్లవారుజామున ఐదింటికి, మధ్యాహ్నం రెండింటికి థర్మామీటర్ పెట్టి కాగితం మీద రాసుకోండి. మీ కల్వకుర్తి దగ్గర గాలి ఎటు నుంచి కొడుతుందో, తొట్టి మీద ఎండ ఎంతసేపు ఉంటుందో నాకంటే ఆ కాగితమే బాగా చెబుతుంది. ఆ అంకెలు ఇక్కడ పెడితే డ్రమ్ములు ఎన్ని కావాలో నేను లెక్క వేసి ఇస్తాను. గొంగడి మాత్రం అసలైన ఉన్నిదే వెతికి కొనండి. మా ఊళ్లో కురుమలు నేసింది ఇన్నేళ్ల తడికి కూడా చివికిపోలేదు.