కావలిలో ఉద్యోగంలో చేరిన మా అమ్మాయికి

అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

కావలిలో సేవాసంస్థలో చేరావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమయ్యింది. ముందు నా తప్పొకటి చెబుతాను, అది నీకు పనికొస్తుంది.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చాక, ఊళ్ళో పాత బట్టలు వసూలు చేసి లారీకెక్కించుకుని ఒక పట్టపుపాలెం, అంటే సముద్రం ఒడ్డునుండే జాలర్ల పల్లెకు పోయాం. ఇసుకలో కుప్ప పోశాం. ఎవరూ దగ్గరికి రాలేదు. చివరికి ఒక ముసలామె వచ్చి కుప్పలోంచి ఒక చీర తీసి, అంచు చూసి, జాగ్రత్తగా మడిచి మళ్ళీ అక్కడే పెట్టింది. "వలలు పొయ్యాయమ్మా మాకు" అంది. ఒక్క మనిషిని ముందు పంపి అడిగించి ఉంటే ఆ లారీ బాడుగ డబ్బులు వలలకే పెట్టేవాళ్ళం. ఆమె మడిచిపెట్టిన చీర ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది.

అందుకే మొదటి నెల ఫారాలు పట్టుకుని పోవద్దు. పొద్దున పది గంటలకు గిరిజన కాలనీకి పోతే ముసలివాళ్ళు, పసిపిల్లలే ఉంటారు. కూలికి పోయినవాళ్ళు తిరిగొచ్చి పొయ్యి రాజేసుకునే వేళకు పో. కింద కూర్చో. నీళ్ళిస్తే తాగు. గ్లాసు పుచ్చుకుని తాగకుండా పక్కన పెట్టావంటే నువ్వెలాంటిదానివో వాళ్ళకు తెలిసిపోతుంది. ఫోటోలు వద్దు.

ఆ కాలనీల్లో ఉండే యానాది గిరిజనులు ఆఫీసంటే ఎందుకు వెనక్కి తగ్గుతారో తెలుసుకో. ఒకప్పుడు బ్రిటిషువాళ్ళు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం వాళ్ళమీద దొంగలనే ముద్ర వేసింది. మన నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య గారు దానిమీద ఏళ్ళతరబడి పోరాడారు. 1952 నాటికి దేశమంతా ఆ చట్టం పోయింది గానీ భయం పోలేదు. సంతకం పెట్టమంటే చెయ్యి వణికే మనుషుల్ని నేను చాలామందిని చూశాను.

నీ పనిలో సగం కాగితాల పనే. ఇంట్లో పుట్టిన బిడ్డకు జనన ధృవీకరణ పత్రం ఉండదు. అది లేకపోతే ఆధార్ దగ్గర, కుల ధృవీకరణ దగ్గర, హాస్టల్ సీటు దగ్గర, అన్నిచోట్లా అడ్డే. పుట్టి ఏడాది దాటితే పై అధికారి ఆర్డరు కూడా కావాలి. ఆఫీసుకు తిరిగిన ప్రతిరోజూ వాళ్ళకు ఒకరోజు కూలి పోయినట్టే. కాబట్టి ఏయే కాగితాలు కావాలో ముందే నువ్వు కనుక్కుని ఉంచు. అంతవరకే. మాట్లాడాల్సింది వాళ్ళు.

ఒకామెతో పోయినప్పుడు గుమాస్తా నన్నే చూసి అడుగుతుంటే నేనే జవాబులు చెప్పేశాను. రెండోసారి రెండడుగులు వెనక నిలబడ్డాను. బిడ్డ ఎప్పుడు పుట్టాడని అడిగితే ఆమె కాసేపు నేల చూసింది. "పెన్నకు పెద్ద వరదొచ్చి మమ్మల్ని బళ్ళో పెట్టారే సార్, ఆ రాత్రి" అంది. ఆయన 2021 నవంబరు అని రాసుకున్నాడు. ఆ తర్వాత చెల్లెలి బిడ్డ పనికి ఆమే వెంటబోయింది, నన్ను పిలవలేదు.

మన నెల్లూరు జిల్లా దూబగుంట ఊళ్ళోనూ జరిగిందిదే. సాక్షరత తరగతుల్లో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళే సారా అంగడికి అడ్డం నిలబడ్డారు. ఆ ఉద్యమం జిల్లాలన్నిటికీ పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. బయటనుంచి వచ్చినవాళ్ళు పలక, బలపం ఇచ్చారు. ఏం అడగాలో ఆ ఆడవాళ్ళే తేల్చుకున్నారు.

కొన్నాళ్ళకు నీకు విసుగొస్తుంది. పింఛను దగ్గర వేలిముద్ర పడక ముసలామె ఏడిస్తే రాత్రి నిద్ర పట్టదు. అలాంటప్పుడు నాకు ఫోన్ చెయ్యి, ఎంత పొద్దుపోయినా సరే. మధ్యాహ్నం అన్నం మానొద్దు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నీ నోటుబుక్కు తీసుకురా. అందులో ఎవరి పని ఎక్కడ ఆగిందో ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ పెద్దమ్మ